పార్టీ పేరు పక్కన ఒక్క కిరాయి రేటు వేసి వదిలేయకండి

బిల్లింగు సాఫ్ట్‌వేర్‌లో కస్టమర్ మాస్టర్ (పార్టీల వివరాలుండే పేజీ) తెరిచి, పార్టీ పేరు పక్కన ఫ్రైట్ రేటు అనే గడిలో కిలోకి ఆరు రూపాయలు అని కొట్టి సేవ్ చేస్తే కిరాయి సంగతి తేలిపోయిందని చాలామంది అనుకుంటారు. తేలదు. నెల తిరిగేసరికి మొదటి గొడవ అక్కడినుంచే మొదలవుతుంది. నేను శ్రీకాకుళంలో ఉంటూ ఇటు ఇచ్ఛాపురం నుంచి అటు విజయనగరం దాకా వ్యాపారాలకి బిల్లింగు సాఫ్ట్‌వేర్లు పెట్టి ఇచ్చే పని చేస్తాను. జీడిపప్పు ఫ్యాక్టరీ అయినా, రైసు మిల్లు అయినా, గ్రానైటు అయినా స్టాకు, బాకీలు, జీఎస్టీ ఎలాగోలా ఒక దారికి వస్తాయి, ఎందుకంటే వాటికి కాగితాలు ఉంటాయి. కిరాయికి కాగితం ఉండదు. అది డిస్పాచ్ గుమస్తా తలలో ఉంటుంది, లేదంటే ఆయన పొడుగు పుస్తకంలో, ఆయనకి తప్ప ఇంకెవరికీ అర్థం కాని రాతలో ఉంటుంది.

అందుకని నేను ముందు కంప్యూటర్ దగ్గరికి వెళ్లను, గుమస్తా గారి దగ్గర కూర్చుంటాను. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో ఆయన పుస్తకం చూస్తే ఇలా ఉంది: బరంపురం, టిన్నుకి ఇంత, దించుడు వాళ్లదే. ఢిల్లీ, టు పే. బేగంబజారు, పెయిడ్, యాభై టిన్నులు దాటితే మనమే భరించాలి. విశాఖ పార్టీ, పాత రేటే, కొత్త గొడౌన్‌కి అయితే అడిగి వెయ్యాలి. ఈ నాలుగు లైన్లలో ఒక్కటి కూడా 'కిలోకి ఆరు రూపాయలు' అనే గడిలో పట్టదు. కానీ అందులో అనవసరమైన మాట కూడా ఒక్కటి లేదు. ఆయన రాసుకున్న ప్రతి షరతు వెనకా ఎప్పుడో ఒక లారీ ఆగిపోయి ఉంటుంది, ఒక పార్టీ బిల్లు తిప్పి పంపి ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో పట్టలేదు కదా అని ఆ షరతులు వదిలేస్తే ఆ గొడవలన్నీ మళ్లీ మొదటినుంచి పడాలి. చాలా చోట్ల జరిగేది అదే, సాఫ్ట్‌వేర్ వచ్చాక కూడా గుమస్తా పుస్తకం చూసి కిరాయి చేత్తో కొడుతూనే ఉంటాడు.

మొట్టమొదట తేల్చాల్సింది కిరాయి ఎవరు కడతారు అని. మన దగ్గర మూడు రకాలు నడుస్తాయి. పెయిడ్ అంటే లారీకి మనం కట్టేస్తాం, పార్టీ బిల్లులో వేసుకుంటామా, సరుకు రేటులోనే కలిపేశామా అన్నది తరవాతి మాట. టు పే అంటే సరుకు చేరాక పార్టీయే ట్రాన్స్‌పోర్టు వాళ్లకి కట్టి విడిపించుకుంటుంది. మూడోది టీబీబీ (టు బి బిల్డ్), ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నెలకోసారి మనకి బిల్లు పంపుతుంది. ఇది పార్టీ లెవెల్లో ఒక డీఫాల్టుగా ఉండాలి గానీ ప్రతి ఆర్డర్లో మార్చుకునే వీలు కూడా ఉండాలి, ఎందుకంటే ఒకే పార్టీ మామూలుగా టు పేలో తీసుకుని పండగ ముందు అర్జంటు లోడుకి 'మీరే కట్టి పంపండి, బిల్లులో వేసుకోండి' అంటుంది. టు పే అని పెట్టిన బిల్లులో కిరాయి సున్నా రావాలి. ఇది మామూలు విషయంలా కనిపిస్తుంది గానీ, టు పే పార్టీకి కూడా మాస్టర్లో రేటు ఉంది కదా అని సాఫ్ట్‌వేర్ దాన్ని బిల్లులో కలిపేస్తే ఆ పార్టీ రెండుసార్లు కిరాయి కట్టినట్టు అవుతుంది.

తరవాత ఎక్కడినుంచి ఎక్కడికి. రేటు పార్టీకి ఉండదు, సరుకు దిగే చోటుకి ఉంటుంది. ఒక పార్టీకి విశాఖలో ఒకటి, అనకాపల్లిలో ఒకటి గొడౌన్లు ఉంటే రెండు రేట్లు. హైదరాబాదులో అయితే పగలు పెద్ద లారీలని లోపలికి రానివ్వరు, ఊరి బయట దింపితే ఒక రేటు, రాత్రి దాకా ఆగి లోపలికి తీసుకెళ్తే ఇంకో రేటు, పైన హాల్టింగ్, అంటే లారీ ఆగినందుకు ఛార్జీ. కాబట్టి రేటుని డెలివరీ అడ్రసుకి కట్టాలి. మన పక్కన కూడా రెండు గొడౌన్లుంటే అంతే, టెక్కలి నుంచి ఎత్తితే ఒకటి, శ్రీకాకుళం నుంచి ఎత్తితే ఒకటి. పలాసలో బయల్దేరిన లారీ విశాఖ చేరేలోపు మడపాం, నాతవలస టోల్ గేట్లు రెండూ దాటాలి, శ్రీకాకుళంలో బయల్దేరిన లారీకి మడపాం రాదు. ఆ తేడా ఎవరో ఒకరు భరించాలి కదా.

ఊళ్లన్నిటికీ విడివిడిగా రేట్లు పెట్టలేం కాబట్టి జోన్లు చేస్తాం. ఇక్కడ సాఫ్ట్‌వేర్ వాళ్లు తేలిగ్గా ఇచ్చే సలహా ఏంటంటే రాష్ట్రాన్ని బట్టి జోన్ పెట్టుకోండి అని. మన జిల్లాలో అది అస్సలు పనికిరాదు. పాతపట్నం దాటితే పర్లాకిమిడి, కొద్ది కిలోమీటర్లే, కానీ అది ఒడిశా. 'ఇతర రాష్ట్రాలు' అనే జోన్‌లో పడేస్తే పర్లాకిమిడి పార్టీకి ఢిల్లీ రేటు పడుతుంది. ఇచ్ఛాపురం నుంచి బరంపురం కూడా అంతే, శ్రీకాకుళం కంటే బరంపురమే వాళ్లకి చాలా దగ్గర. పన్ను విషయంలో రాష్ట్రం ముఖ్యం, అటు వెళ్తే ఐజీఎస్టీ పడుతుంది, అది సాఫ్ట్‌వేర్ చూసుకోవాలి. కిరాయికి మాత్రం రోడ్డే ముఖ్యం. ఈ రెండింటికీ ఒకే ఫీల్డు వాడొద్దు.

జిల్లాని బట్టి పెడదామా అంటే అదీ కుదరదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వెళ్లింది, సాలూరు, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. జిల్లా పేరుతో జోన్లు పెట్టుకున్న వాళ్లకి, అడ్రసులు సరిచేసిన రోజునే రాజాం పార్టీల రేటు మారిపోతుంది. లారీ మాత్రం అదే రోడ్డున వెళ్తుంది, ఒక్క కిలోమీటరు కూడా తేడా ఉండదు. పిన్ కోడ్ కొంచెం మెరుగు, అది జిల్లాతో పాటు మారలేదు. రాజాం ఇప్పటికీ 532127, అంటే శ్రీకాకుళం వైపు 532తోనే ఉంది. అయితే మొదటి మూడంకెలతో సరిపెట్టుకోకండి. 532 అంటే ఇచ్ఛాపురం 532312 నుంచి పాలకొండ 532440 దాకా అన్నీ అందులోనే ఉంటాయి, ఒకటి సముద్రం వైపు చివర, ఇంకోటి కొండల వైపు. ఆరంకెల పిన్ ఒక్కొక్కటీ ఏ రూటులో పడుతుందో ఒక పట్టిక రాసుకోండి. మీరు సరుకు పంపే ఊళ్లు ఎన్నని ఉంటాయి? ఒక పూట కూర్చుంటే అయిపోయే పని. సరుకు కదిలేటప్పుడు జీఎస్టీ కింద తీసుకునే ఈ-వే బిల్లు పోర్టల్ కూడా దూరాన్ని పిన్ నుంచి పిన్‌కే లెక్కిస్తుంది కాబట్టి అడ్రసులో పిన్ సరిగ్గా ఉంటే రెండు పనులకీ కలిసొస్తుంది. మామూలు లారీకి 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున ఈ-వే బిల్లు గడువు ఇస్తుంది, దూరం తప్పు పడితే లారీ మధ్యదారిలో ఉండగానే గడువు అయిపోతుంది.

ఇంకో సంగతి, వెళ్లే కిరాయి, వచ్చే కిరాయి ఒకటి కావు. విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం, సాలూరు మీదుగా ఘాట్ ఎక్కి ఒడిశాలోని కోరాపుట్, జైపూర్ వైపు వెళ్లే లారీలని చూడండి. సాలూరు లారీల ఊరు, అక్కడి ఓనర్లకి ఆ రోడ్డు కొట్టిన పిండి. అటునుంచి లోడు ఖాయంగా దొరికే రోజుల్లో ఇటునుంచి వెళ్లే లారీ ఒక ధర చెబుతుంది, తిరుగు లోడు దొరకని రోజుల్లో రెండువైపులా ఖర్చు మన మీదే వేస్తుంది. అందుకని పట్టికలో విజయనగరం నుంచి జైపూర్ ఒక లైను, జైపూర్ నుంచి విజయనగరం వేరే లైను. కొన్ని సాఫ్ట్‌వేర్లలో 'రెండువైపులా వర్తిస్తుంది' అని ఒక టిక్ ఉంటుంది, దాన్ని తీసేయండి. పార్టీ సరుకు తిప్పి పంపినప్పుడు ఆ టిక్ వల్ల వెళ్లిన రేటే వచ్చినదానికీ పడుతుంది.

ఇప్పుడు అసలు కష్టమైనది, యూనిట్. ఏ లెక్కన కిరాయి? జీడిపప్పుకి టిన్నుకి, లేదా రెండు టిన్నుల కార్టన్‌కి. ముడి జీడిపిక్కలైతే 80 కిలోల బస్తా. బియ్యానికి క్వింటాలుకి. ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి వైపు, కొబ్బరికాయలకి వెయ్యికి ఇంత అని. అదే ఊళ్లనుంచి వెళ్లే కొబ్బరి పీచుకి బరువుతో లెక్క వేస్తే ఏ లారీ వాడూ రాడు, ఎందుకంటే లారీ నిండిపోయినా కాటా మీద బరువు సగం కూడా తూగదు, దానికి లారీ మొత్తానికి ఇంత అని మాట్లాడుకోవాలి. టెక్కలి గ్రానైటు పలకల్ని బిల్లులో చదరపు అడుగుల్లో అమ్ముతాం, లారీ వాడు టన్నుల్లో అడుగుతాడు. గ్రానైటు ఘనపు మీటరుకి దాదాపు 2.7 టన్నులు తూగుతుంది, ఆ లెక్కన 18 మిల్లీమీటర్ల పలక చదరపు అడుగుకి నాలుగున్నర కిలోలు, 20 మిల్లీమీటర్లదైతే ఐదు కిలోలు. అంటే ఒకే డిజైను, ఒకే చదరపు అడుగులు, మందం మారితే కిరాయి పది శాతం పైగా మారుతుంది. ఐటెం మాస్టర్లో మందాన్ని బట్టి బరువు వేయకుండా ఫ్రైట్ రేట్లు పెట్టడం మొదలుపెట్టొద్దు.

బరువు అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. ట్రాన్స్‌పోర్టు వాడు గ్రాస్ బరువు చూస్తాడు, మనం నెట్ బరువు అమ్ముతాం. పది కిలోల జీడిపప్పు టిన్ను కాటా మీద పది కిలోలు తూగదు, డబ్బా బరువు, అట్టపెట్టె బరువు ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌లో బరువుకి ఒకటే ఫీల్డు ఉంటే అందులో ప్యాకింగుతో కలిపిన బరువు వేయండి. అంతకంటే ప్రమాదం, బరువు ఖాళీగా వదిలేసిన ఐటెం. సాఫ్ట్‌వేర్ దాన్ని సున్నా కిలోలుగా తీసుకుని ఏ హెచ్చరికా లేకుండా అన్నిటికంటే కింది స్లాబు (బరువుని బట్టి పెట్టిన రేటు మెట్టు) వేసేస్తుంది. బిల్లు చక్కగా ప్రింటు అవుతుంది, కిరాయి లైను కూడా కనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. రేట్లు ఎక్కించే ముందు బరువు సున్నా ఉన్న ఐటెంల లిస్టు తీసి, అందులో ఒక్కటీ మిగలకుండా అన్నిటికీ బరువు వేయాలి, ఇందులో రాజీ లేదు.

స్లాబులు పెట్టేటప్పుడు అంచుల దగ్గర జాగ్రత్త. ఉదాహరణకి వంద కిలోల లోపు కిలోకి 8 రూపాయలు, వంద నుంచి ఐదు వందల దాకా 6 రూపాయలు అనుకుందాం. 99 కిలోలకి 792 రూపాయలు, 101 కిలోలకి 606 రూపాయలు. ఎక్కువ పంపిన వాడికి తక్కువ కిరాయి! ఇది కాగితం మీద ఎవరికీ కనిపించదు, పార్టీలకి మాత్రం వెంటనే కనిపిస్తుంది. లెక్క చూస్తే 75 కిలోల దగ్గర 600 అవుతుంది, వంద కిలోలకి కొత్త రేటున కూడా 600. కాబట్టి 75 నుంచి 100 దాకా ఎంత పంపినా 600 అని ఫిక్స్ చేస్తే గొడవ ఉండదు. దీన్ని రూల్స్‌గా రాస్తే: 25 కిలోల దాకా 200, అది కనీస ఛార్జీ. 75 దాకా కిలోకి 8. 100 దాకా 600. ఆపైన 500 దాకా కిలోకి 6. గుమస్తాలు చాలామంది ఇదే పని నోటిలెక్కతో చేస్తారు, 'ఎనభై కిలోలకి వంద కిలోల డబ్బులే వేసేయ్' అంటారు. వాళ్లు చేసే ఆ సర్దుబాటుని రూల్‌గా రాయకపోతే కంప్యూటర్‌కి అది తెలియదు.

తేదీ. ప్రతి రేటు లైనుకీ ఎప్పటినుంచి, ఎప్పటిదాకా అని రెండు తేదీలు ఉండాలి. పాత రేటు మీద కొత్త రేటు దిద్దే అలవాటు మానుకోవాలి, ఎందుకంటే ఆర్నెల్ల తరవాత పార్టీ పాత బిల్లు పట్టుకుని వస్తే అప్పుడు రేటెంతో చెప్పడానికి ఆధారం ఉండదు. దీపావళికి జీడిపప్పు కదిలే రోజుల్లో ఒక రేటు, సంక్రాంతికి డ్రైవర్లు ఊళ్లకి వెళ్లిపోయి లారీలు దొరకని రోజుల్లో ఒక రేటు, ఇవి తేదీలతోనే సాధ్యం. పైగా ఏ తేదీ చూడాలి? ఆర్డర్ తేదీయా, సరుకు కదిలిన తేదీయా? కొటేషన్‌లో కిరాయి అంకె ఇచ్చి ఉంటే ఆ కొటేషన్ గడువు దాకా ఆ అంకెకే కట్టుబడాలి, ఇవ్వకపోతే డిస్పాచ్ తేదీ రేటు, ఇది నా పద్ధతి. మీరు ఇంకోలా పెట్టుకోవచ్చు గానీ ముందే ఒకటి నిర్ణయించుకుని పార్టీలకి చెప్పండి. డీజిల్ ధర 2017 జూన్ 16 నుంచి దేశమంతా ఏ రోజుకారోజు మారే పద్ధతిలోకి వచ్చింది, మనం రోజూ రేటు మార్చలేం. పెద్ద పార్టీలతో అయితే డీజిల్ క్లాజు రాసుకోవడం మంచిది. ఒప్పందం రోజున ఉన్న డీజిల్ ధర రాసి పెట్టుకుని, అది ఐదు శాతం పైకో కిందికో కదిలినప్పుడు ఆ మార్పులో నలభై శాతం కిరాయి మీద వేస్తాం అనుకుంటే, డీజిల్ ఐదు శాతం పెరిగిన రోజున ఆరు రూపాయల రేటు 6.12 అవుతుంది. తగ్గినప్పుడు కూడా అదే లెక్కన తగ్గించాలి, పార్టీ నమ్మకం అక్కడే ఉంటుంది.

ఇవన్నీ కాగితం మీద తేలాక సాఫ్ట్‌వేర్. మన వైపు ఎక్కువమంది ట్యాలీ వాడతారు. అందులో పార్టీకీ ఊరికీ కలిపి ఫ్రైట్ పట్టిక అని విడిగా ఏదీ సిద్ధంగా ఉండదు. అయితే సేల్స్ వోచర్‌కి వోచర్ క్లాసులు (ముందే సెట్ చేసి పెట్టుకునే బిల్లు నమూనాలు) చేసుకుని అందులో ఫ్రైట్ లెడ్జర్‌ని అదనపు ఎంట్రీగా పెట్టి, లెక్క పద్ధతి 'బేస్డ్ ఆన్ క్వాంటిటీ' లేదా 'ఫ్లాట్ రేట్' అని ఇస్తే బిల్లు కొట్టేటప్పుడు కిరాయి దానంతట అదే పడుతుంది. ఒక్కో రూటుకి ఒక్కో క్లాసు. నాలుగైదు రూట్లున్న వాళ్లకి ఇది చాలు, డబ్బు ఖర్చు కూడా లేదు. రూట్లు ముప్పై దాటితే మాత్రం బిల్లు కొట్టే అమ్మాయికి క్లాసుల లిస్టులోంచి సరైనది ఏరడమే ఒక పరీక్ష అవుతుంది, అప్పుడు ట్యాలీలో అదనపు ప్రోగ్రాం రాయించుకోవడమో వేరే సాఫ్ట్‌వేర్‌కి వెళ్లడమో ఆలోచించాలి.

ఓడూ అనే సాఫ్ట్‌వేర్‌లో డెలివరీ మెథడ్ అని ఉంటుంది, దాన్ని రూల్స్ మీద ఆధారపడేలా పెడితే నేను పైన చెప్పిన స్లాబులు అలాగే ఎక్కించొచ్చు: బరువు ఇంత లోపు అయితే స్థిరంగా ఇంత, ప్లస్ కిలోకి ఇంత. రూల్స్ పైనుంచి కిందికి చూస్తుంది, మొదట సరిపోయిన దాని దగ్గర ఆగిపోతుంది, కాబట్టి వరుస ముఖ్యం. ఏ రాష్ట్రానికి, ఏ పిన్‌తో మొదలయ్యే అడ్రసులకి ఆ మెథడ్ కనిపించాలో కూడా పెట్టొచ్చు, పార్టీ కార్డులో డీఫాల్టు మెథడ్ ఇవ్వొచ్చు. ఆ రూల్స్‌లో తేదీలు ఉండవు, కాబట్టి రేటు మారినప్పుడు నెల పేరుతో కొత్త మెథడ్ చేసి పాతదాన్ని ఆర్కైవ్ చేయండి. ఈఆర్‌పీనెక్స్ట్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో షిప్పింగ్ రూల్ ఉంది, బరువు మీదో బిల్లు మొత్తం మీదో స్లాబులు ఇస్తుంది. కానీ స్లాబులో ఇచ్చే అంకె స్థిరమైన మొత్తం, కిలోతో గుణించదు. టిన్నుకి ఇంత, క్వింటాలుకి ఇంత అనే మన పద్ధతికి అది నేరుగా సరిపోదు. కొంచెం పెద్ద సాఫ్ట్‌వేర్లలో అయితే ఫ్రైట్ రేట్ల పట్టిక విడిగానే ఉంటుంది. ఏదైనా సరే, రేటు వెతికే వరుస ఇలా ఉండాలి: ముందు ఆ పార్టీ ఆ డెలివరీ అడ్రసుకి ప్రత్యేకంగా ఉందా, లేకపోతే ఆ పార్టీకి ఆ రూటులో ఉందా, లేకపోతే ఆ రూటు మామూలు రేటు. అదీ లేకపోతే? చాలా సాఫ్ట్‌వేర్లు సున్నా వేసి ముందుకి వెళ్లిపోతాయి. అలా వెళ్లనివ్వకండి, బిల్లు అక్కడ ఆగాలి, 'రేటు లేదు' అని ఎర్రగా చెప్పాలి. ఆ ఆగడం వల్ల పడే చిరాకు, లారీ వెళ్లిపోయాక కిరాయి వేయడం మర్చిపోయామని పార్టీకి ఫోన్ చేసే ఇబ్బందితో పోలిస్తే ఏమీ కాదు.

జీఎస్టీ దగ్గర కొంచెం నిదానంగా చదవండి. సరుకు బిల్లులోనే మనం కిరాయి వసూలు చేస్తే అది సరుకు విలువలో భాగం, సీజీఎస్టీ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, కాబట్టి సరుకుకి ఏ పన్నో కిరాయికీ అదే పన్ను. జీడిపప్పు 5 శాతం అయితే ఆ బిల్లులో కిరాయికీ 5, గ్రానైటు పలకలు 18 అయితే కిరాయికీ 18. ఫ్రైట్ లెడ్జర్‌కి విడిగా ఒక పన్ను రేటు పెట్టి వదిలేయడం మన వైపు బాగా కనిపించే తప్పు. ట్యాలీలో ఫ్రైట్ లెడ్జర్ని అసెసబుల్ వ్యాల్యూలో (పన్ను లెక్కించే విలువలో) కలపమని, సరుకు విలువ మీదో పరిమాణం మీదో పంచమని సెట్టింగ్ ఉంది, అది పెడితే ఆ పని అదే చేసుకుంటుంది. రైసు మిల్లుల వాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల దాకా 5 శాతం, అది దాటితే లేదు, 26 కిలోల బస్తాలు మార్కెట్లోకి వచ్చింది అందుకే. ఒకే లారీలో 26 కిలోల బస్తాలూ పది కిలోల ప్యాకెట్లూ వెళ్తే కిరాయిని రెండింటికీ పంచి, ప్యాకెట్ల వాటా మీదే పన్ను వేయాలి.

ఇది మనం పార్టీ దగ్గర వసూలు చేసేది. మనం ట్రాన్స్‌పోర్టు వాడికి కట్టేదానికి లెక్క వేరు. ట్రాన్స్‌పోర్టు ఏజెన్సీ తనే పన్ను వేసే పద్ధతి ఎంచుకోకపోతే రివర్స్ ఛార్జ్ కింద 5 శాతం మనం కట్టి క్రెడిట్ తీసుకోవాలి. తనే వేసే పద్ధతిలో అయితే ఏజెన్సీ తన ఖర్చుల మీద క్రెడిట్ తీసుకోకపోతే 5, తీసుకుంటే 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం, అంతకుముందు అది 12 ఉండేది. కాబట్టి ట్రాన్స్‌పోర్టర్ మాస్టర్లో కూడా ఎవరు ఏ పద్ధతో ఒక గడి ఉండాలి. బియ్యం, పప్పుల వంటి తిండిగింజల రవాణాకి ఈ పన్ను మినహాయింపు ఉంది, మిల్లు వాళ్లు బియ్యం లారీకి రివర్స్ ఛార్జ్ కట్టక్కర్లేదు. టు పే లోడులో కిరాయి కట్టేది పార్టీ కాబట్టి రివర్స్ ఛార్జ్ బాధ్యత కూడా మామూలుగా వాళ్లదే. చూశారా, పెయిడా టు పేనా అన్న ఒక్క టిక్ మన రిటర్న్ దాకా వెళ్తోంది. మీ ఆడిటర్‌కి మీ ఫ్రైట్ సెటప్ ఒకసారి చూపించండి, పెట్టకముందే.

వసూలు చేసే కిరాయి, కట్టే కిరాయి రెండు వేరు లెడ్జర్లుగా ఉంచండి. ఒకే లెడ్జర్లో ఇటూ అటూ వేసి తేడా మాత్రమే చూసుకునే వాళ్లకి మొత్తం మీద లాభమో నష్టమో తెలుస్తుంది గానీ ఏ రూటులో పోతోందో తెలియదు. రెండూ విడిగా ఉండి, రెండింటికీ రూటు పేరు తగిలిస్తే, నెలాఖరున ఒక రిపోర్టుతో తెలిసిపోతుంది, బరంపురంలో మిగులుతోంది, జైపూర్‌లో చేతిలోంచి పడుతోంది అని. హమాలీని కిరాయిలో కలపకండి, ఎత్తుడు మన దగ్గర, దించుడు వాళ్ల దగ్గర, ఎవరి కూలి ఎవరిదో విడి లైనుగా ఉండాలి. రేటు మార్చే అధికారం బిల్లు కొట్టేవాళ్లకి తీసేయమని కొందరు యజమానులు అడుగుతారు. నేను ఒప్పుకోను. రాత్రి పదింటికి లారీ గేటు దగ్గర నిలబడి ఉంటే, యజమాని ఫోన్ ఎత్తకపోతే, గుమస్తా ఏం చేస్తాడు? మార్చనివ్వండి, కానీ కారణం రాయకుండా సేవ్ కాకూడదు, పట్టిక రేటు, వేసిన రేటు రెండూ బిల్లు వెనక నిలవాలి. నెలకోసారి ఆ మార్పుల లిస్టు చూస్తే పట్టికలో ఏ లైను పాతబడిందో అదే చెబుతుంది. ఒకే ఊరికి మళ్లీ మళ్లీ మారుస్తున్నారంటే తప్పు గుమస్తాది కాదు, పట్టికది.

పెట్టాక వెంటనే కొత్త బిల్లులు మొదలుపెట్టొద్దు. గడిచిన నెల డిస్పాచ్ బిల్లులు తీసి, రూటుకి కొన్ని చొప్పున, అదే తేదీ, అదే బరువు, అదే అడ్రసుతో కొత్త పట్టికలో కొట్టి చూడండి. తేడా వచ్చిన ప్రతి బిల్లునీ గుమస్తా ముందు పెట్టి అడగండి. 'ఇది వాళ్ల లారీలో వెళ్లింది బాబూ, మన కిరాయి లేదు' అంటాడు, లేదా 'అప్పుడు వాళ్లబ్బాయి పెళ్లని అయ్యగారు వదిలేశారు' అంటాడు. మొదటిది పట్టికలోకి రావాలి, రెండోది రాకూడదు. ఏది రూలో ఏది ఆ రోజు మాటో వేరు చేయగలిగేది ఆయనొక్కడే, అందుకే ఈ పని ఆయన లేని రోజున చేయకండి.

చివరిగా కొత్త రేట్లు ఎలా లోపలికి రావాలో ఒక పద్ధతి పెట్టుకోండి. మన వైపు కిరాయి మాటలన్నీ ఫోన్‌లోనే అయిపోతాయి. ఫోన్ పెట్టేసిన వెంటనే ఆ పార్టీకి వాట్సాప్‌లో ఒక మెసేజ్: ఫలానా తేదీ నుంచి, పలాస నుంచి మీ విశాఖ కొత్త గొడౌన్‌కి, టిన్నుకి ఇంత, దించుడు మీది, ఫలానా తేదీ దాకా. వాళ్లు సరే అన్నాక దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఆ రేటు లైనుకే అటాచ్ చేసి, ఆ తరవాతే లైను యాక్టివ్ చేయాలి. ఈ పని ఒక్కరికే అప్పగించండి, ఆయన సెలవు పెడితే ఎవరు చేస్తారో కూడా ఇప్పుడే చెప్పి ఉంచండి.